అక్క ఖాళీ చేసిన ముందరిగది

అరవదేశంలో ఉన్న మారండహళ్ళిలో మా అక్క, బావ కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు మా చుట్టాల్లో అంత సామాను ఉన్న ఇల్లు ఇంకొకటి లేదు. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. నేను ధర్మపురిలో ఉద్యోగం చేస్తూ, సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి అక్కను చూడటానికి వెళ్ళేవాణ్ణి. ముందరిగదిలో పెద్ద సోఫా, దానికెదురుగా టీవీ, గోడ పొడవునా అద్దాల షోకేసు, దాని నిండా ఎవరూ ఎప్పుడూ కాఫీ తాగని గాజు కప్పులు. అక్క ఎప్పుడూ ఏదో ఒకటి తుడుస్తూనే ఉండేది. నన్ను పలకరించేటప్పుడు కూడా చేతిలో గుడ్డ వదిలేది కాదు. టీవీ ఆగేది కాదు కాబట్టి గొంతు పెంచి మాట్లాడుకునేవాళ్ళం.

బావకు తుంబలహళ్లి దగ్గర పొలం ఉంది. వానలు బాగా పడి అక్కడి ఆనకట్ట నిండిన ఏడాది ఆయన టమాటా వేశాడు. కాయ ఎరుపెక్కే వేళకు అడవిపందులు తోటలో పడసాగాయి. కోతలు అయ్యేదాకా పొలంలోని మోటారు షెడ్డులోనే ఉందామని అక్కా బావా ఇద్దరూ వెళ్ళారు. ఇంట్లో ఉన్న అక్క అత్తమామలను చూసుకోవడానికి బావ చెల్లెలు ఇంటికి వచ్చింది. అక్క వెంట తీసుకుపోయింది నాలుగు గిన్నెలు, చాప, దుప్పట్లు, రాగిపిండి. అంతే.

పాపం ఎంత అవస్థ పడుతోందో అనుకుంటూ చూడటానికి వెళ్ళాను. కాలువ గట్టున కూర్చుని గిన్నెలు కడుగుతూ ఏదో పాడుకుంటోంది. ఎండకు నల్లబడింది, చేతుల నిండా టమాటా ఆకుల పసరు. పని తక్కువేమీ కాదు, పొద్దున్నుంచీ వంగి కాయలు కోయాల్సిందే. కానీ ఆ మధ్యాహ్నం సంగటి తింటూ బావ తన చిన్ననాటి కబుర్లు చెబుతుంటే అక్క పొలమారేంతగా నవ్వింది. ఊళ్ళో ఇంట్లో వాళ్ళిద్దరూ అట్లా ఎదురెదురుగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

కోతలయ్యాక ఇంటికి తిరిగొచ్చిన అక్కకు, గడప దాటి లోపలికి రాగానే ఊపిరాడనట్టయిందట. తర్వాత నేను వెళ్ళేసరికి సోఫా లేదు. పక్క సందులో బట్టలు కుట్టే ఆమె ఇంట్లో వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఏమీ లేదని ఆమెకు ఇచ్చేసింది. షోకేసు కూడా వెళ్ళిపోతోంది. ఒక కొస బావే పట్టుకుని మోస్తున్నాడు.

"యాలక్కా, బాగుండే సామానంతా ఇచ్చేస్తా ఉండావు?" అని కారణం అడిగాను.

అక్క చెప్పింది. "ఆ షెడ్డులో నాకు నిమ్మతిగా, మనసు నిమ్మళంగా ఉండెరా. ఈడ సామాను కాళ్ళు జాపుకోని ఉండాది, మనం పక్కన ఒదుక్కోని ఉండాము."

అత్తకు ఇది బొత్తిగా నచ్చలేదు. ఇల్లు ఖాళీ చేసి పోతున్నారా అని వీధిలో వాళ్ళు అడిగితే ఏం చెప్పాలని రోజూ సణిగేది. అక్క ఎదురు చెప్పలేదు. సీరియళ్ళు చూడకపోతే అత్తకు తోచదని టీవీని మాత్రం ఆమె గదిలో పెట్టించింది. వాషింగ్ మెషిన్ కూడా ఉంచుకుంది. దాన్నెందుకు ఇవ్వకుండా వదిలిపెట్టావని నేను నవ్వితే, తన నడుము ఆ మెషిన్ పుణ్యానే నిలబడి ఉందంది. మా అక్కలో నాకు నచ్చింది ఇదే. పంతానికి ఏదీ చేయలేదు.

మామకు అంతకు ముందే పక్షవాతం వచ్చి ఒక కాలు సరిగా సాగేది కాదు. ముందరిగదిలో సామాన్ల మధ్య కర్ర తగులుకుంటుందని వెనకగదిలో మంచం దిగేవాడు కాదు. ఒకనాడు మేమందరం మాట్లాడుకుంటుండగా కర్ర చప్పుడు వినిపించింది. మామ గోడ పట్టుకుని, ఆ ఖాళీ గదిలో అడుగులో అడుగు వేసుకుంటూ వస్తున్నాడు. బావ లేవబోతే అక్క చెయ్యి పట్టుకుని ఆపింది. మామ వీధి వాకిలి దాకా వచ్చి, గడప పక్కన కూర్చుని, ఆయాసం తీర్చుకుని, "గాలి బాగా వస్తా ఉండాది" అన్నాడు.

అత్త లేచి, మూలనున్న గాజు పూలకుండీల బల్ల చూపించి, "దీన్ని గూడ ఎవురికన్నా ఇచ్చెయ్యి. మీ మామకు అడ్డం తగులుతాది" అంది అక్కతో.

అక్కను చూసి ధర్మపురిలో మా ఇంట్లోనూ కొంత తగ్గించాం. ఆమె చేసినదాంట్లో సగం కూడా మాకు చేతకాలేదు. అక్క వాళ్ళ ముందరిగదిలో ఇప్పుడు మధ్యాహ్నాలు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చాప పరుచుకుని పూలు కట్టుకుంటారు. మామ బతికున్నన్నాళ్ళూ వాకిట్లోనే ఉండేవాడు. హోసూరు బస్సుకు వెళ్ళేవాళ్ళు అరవంలో పలకరిస్తే, ఆయన తెలుగులోనే తీరిగ్గా జవాబు చెప్పేవాడు.