మధ్యాహ్నానికి పాచిపోయే అన్నం

2024 మే నెలలో నేను తూర్పు ఢిల్లీలోని ఒక ఆసుపత్రిలో, అత్యవసర విభాగానికి సిస్టర్ ఇన్‌చార్జిని. నర్సులకు డ్యూటీలు వేయడం, మందుల అల్మారా తాళాలు చూసుకోవడం, అవసరమైతే జూనియర్ డాక్టర్లను కసరడం నా పని. వడదెబ్బ కేసులకు అప్పుడు మంచాలు విడిగా పెట్టాం.

అలాంటి మంచం మీదికే సత్యవతిని తెచ్చారు. తుని వైపు మనిషి. మయూర్ విహార్ ఫ్లాట్లలో వంట చేస్తుంది. స్పృహ లేదు, ఒళ్లంతా చెమట. ఎండాకాలమైనా సరే, ముందు వేలు గుచ్చి షుగరు చూడటం మా పద్ధతి. బాగా పడిపోయి ఉంది. నరంలోకి గ్లూకోజు ఎక్కించాక కళ్లు తెరిచింది. ఆ నెలలో ఇలా రావడం రెండోసారి. షుగరు జబ్బుకు ఆమె వాడే రకం మాత్ర గంటల తరబడి షుగరును దించుతూనే ఉంటుంది. ఇంట్లో ఒక్కతే ఉన్నప్పుడు పడిపోతే మనిషి దక్కదు.

మాత్రలు రెట్టింపు మింగుతోందని డ్యూటీ డాక్టరు తేల్చేశాడు. మాత్రల అట్ట చూస్తే లెక్క సరిగ్గానే ఉంది. "ఖానా ఖాయా?" అని అతను హిందీలో అడిగితే "జీ" అంది. ఆహారం సక్రమం అని కేసు షీటులో రాసేశాడు. నాకు ఒళ్లు మండింది. తిన్నావా అంటే లేదని ఎవరు చెబుతారు?

స్టూలు లాక్కుని కూర్చుని, తెలుగులో "రోజూ ఎన్నింటికి వండుకుంటావమ్మా?" అన్నాను.

"పగటికంతా తెల్లారగట్ల ఒక్కసారే వండేత్తానండి. మధ్యాన్నం మళ్లీ వండాలంటే గేసు ఎక్కడ సరిపోద్ది? రేకుల గది కదండీ, నేనొచ్చేసరికి అన్నం పాసిపోద్ది. పారబోసి, మళ్లీ రాత్రికే వండుకుని తింటాను."

"మరి మాత్ర?"

"అది మాననండి. మానొద్దన్నారు కదా."

వండే ఇళ్లలో తినమనరా అన్నాను. "అడిగితే పెడతారేమోనండి. అడగలేను."

డాక్టరుకు చెప్పాను. వాదించకుండా, షుగరును అంతలా పడగొట్టని మాత్రకు మార్చాడు. నియమం ప్రకారం ఒక రోజు వార్డులో ఉంచాం. వెళ్లేటప్పుడు, ఎండకు పాడవని వేయించిన శనగలు దగ్గర పెట్టుకోమన్నాను.

"అయ్యీ కొనాలి కదండీ సిస్టరుగారూ," అంది.

మాత్ర మార్చడం వరకే మా చేతిలో ఉంది. ఆ ఎండాకాలం ఆమె మళ్లీ రాలేదు.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా, షుగరు రోగులను ఎన్నింటికి వండారు, మధ్యాహ్నానికి ఏం మిగిలింది అని అడిగించి షీటులో రాయించాను. వేళకు తినే మనిషిని లెక్కలో పెట్టుకుని మందు మోతాదు రాస్తారు. మంచం మీద ఉన్నది అలాంటి మనిషేనా అని మందు ఇచ్చే ముందే కనుక్కోవాలి.