మా ఇంటి డైనోసార్ గుడ్డు

మా జమీను పోయింది, బంగళా పోయింది. పట్నంలో చూలై పేటలోని రెండు గదుల అద్దె ఇంటికి పాత గొప్పకు గుర్తుగా మాతో వచ్చింది డైనోసార్ గుడ్డు ఒక్కటే. అరియలూరు దగ్గర మా పొలంలో తాతగారికి దొరికిన గుండ్రాయి అది. మా మేనత్త ప్రతి శుక్రవారం దాన్ని కడిగి పసుపు కుంకుమ పెడుతుంది. చిన్నప్పుడు నాకు డైనోసార్ల పిచ్చి పట్టించింది ఆ రాయే.

ఈ ఏడు పక్కవీధి బడివాళ్లు పిల్లల ప్రదర్శనకు దాన్ని అడిగారు. పక్కన పెట్టే అట్ట మీద ఏం రాయాలా అని రాయిని దగ్గర పెట్టుకుని చూశాను. ఏళ్ల తరబడి కడిగి కడిగి పైపొర అరిగిపోయింది. కుంకుమ నిలిచిన గీతలు నత్తగుల్ల మీద ఉన్నట్టు చుట్టలు తిరిగి ఉన్నాయి. గుడ్డుకు చుట్టలుండవు. అది డైనోసార్ల కాలంలో సముద్రంలో బతికిన అమ్మోనైట్ అనే జీవి గుల్ల.

"అత్తా, ఇది గుడ్డు కాదు."

"మనకి మిగిలిందే ఇదొకటి గదరా! దీన్నీ పోగొట్టేస్తావా? గుడ్డు అనే రాసెయ్యి. ఆడ ఎవురు పగలగొట్టి చూస్తారు?"

"ఎవరూ చూడరు. ఆ అట్ట కింద మన ఇంటిపేరు ఉంటుంది గదా."

"పేరంట పేరు! కూడు పెడతాదా అది?"

"ఆస్తి పోవడం నా తప్పు కాదత్తా. అబద్ధం రాస్తే మాత్రం నా తప్పే."

అమ్మోనైట్ గుల్ల అని నా చేత్తోనే రాసి ఇచ్చి వచ్చాను. రాయి తిరిగొచ్చిన శుక్రవారం అత్త కుంకుమ భరిణె పట్టుకుని, "ఈ చుట్ట యాడ మొదలయ్యేదిరా?" అని అడిగింది.

వేలు పెట్టి చూపించాను.