నాయన మిల్లు మానేసిన ఏడాది

మా చిన్నప్పుడు... హిందూపురంలో మా ఇంట్లో పగలు గట్టిగా మాట్లాడకూడదు. నాయన నిద్రపోతుండేవాడు.

ఊరి బయట నూలు మిల్లులో ఆయనకు షిఫ్టు పని. రాత్రి షిఫ్టు వారమంతా నేనూ చెల్లెలూ పిల్లుల్లా అడుగులేసేవాళ్ళం... చెంబు కింద పడితే అమ్మ కళ్ళెర్రజేసేది. మధ్యాహ్నం షిఫ్టు వారమైతే ఆయన వచ్చేసరికి మేం నిద్రలో. ఒకే ఇంట్లో ఉంటూ ఒకరినొకరు చూసుకోని తండ్రీపిల్లలం...

నేను ఆరో తరగతిలో ఉండగా ఒకరోజు చెప్పేశాడు.

"మిల్లు మానేస్తాండా. ధర్మవరం పోయి మళ్ళీ మగ్గం నేస్తా."

అప్పటికి ఆయనకు నలభై కూడా లేవు. అమ్మ పొయ్యి మీది గిన్నె దించి, కొంగుతో చేతులు తుడుచుకుని, మంచం కిందున్న ట్రంకుపెట్టె బయటికి లాగింది.

గొడవంతా ధర్మవరంలో అవ్వతోనే. రైలు దిగి ఇల్లు చేరామో లేదో కొడుకు మీద విరుచుకుపడింది.

"మీ నాయన నడుము పోయింది ఆ మగ్గం గుంతలోనే గదరా! నెల జీతమొచ్చే పని ఇడిసిపెట్టి మళ్ళీ ఆడికే వస్తాండావా?"

"పిల్లోల్ల మొగాలు చూడల్ల గదమ్మా," అన్నాడు నాయన. అంతే.

హాయిగా బతికామని అబద్ధం చెప్పను. మగ్గం కింది గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుంటే పొద్దుగూకేదాకా పనే. పని దొరకని నెలల్లో సంగటిలోకి ఊరుబిండి పచ్చడే గతి. కానీ మేం బడి నుంచి రాగానే మగ్గం చప్పుడు కాసేపు ఆగేది...

"ఈ పొద్దు ఏం జెప్పినారు పాపా?"

మేం చెప్పిందంతా వినేవాడు. చెల్లెలు ఒకే కథ మళ్ళీ మళ్ళీ చెప్పినా వినేవాడు. రానురాను అవ్వ కూడా కోపం మరిచిపోయి, పక్కన కూర్చుని దారం కండెలు చుట్టివ్వసాగింది.

ఇప్పుడు నేను బెంగళూరులో... అప్పటి నాయన వయసు దాటేశాను. అన్నం తింటూ కూడా ఫోన్‌లో ఆఫీసుకు జవాబిస్తుంటాను. తొందరగా రిటైరైపోవాలని రోజూ అనుకుంటాను. మొన్న ఊరెళ్ళినప్పుడు నాయననే అడిగాను.

"మానేసేటప్పుడు భయం కాలేదా నాయనా?"

ఆయన నవ్వాడు. "కాకుండా యాడుంటాది పాపా? మీ అమ్మకు చెప్దామని వస్తావస్తా, స్టేషన్ కాడ టీ తాగుకుంటా నిలబడిపోతి. ఎన్ని టీలు తాగినానో!"

ఇన్నేళ్ళలో ఆ మాట మాకెవరికీ చెప్పలేదు...

నేనింకా రాజీనామా రాయలేదు. ఆ రోజుల్లో గేటు దాటితే పని మిల్లులోనే ఉండిపోయేది. ఇప్పుడది మనతోపాటు ఇంటికొచ్చి, మంచం మీద మన పక్కనే పడుకుంటోంది...

మీ ఇంట్లోనూ ఎవరైనా ఇలా మధ్యలో ఉద్యోగం వదిలేశారా? ఆ రోజు ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో గుర్తుంటే చెప్పండి... నాకు వినాలనుంది.