ఎడమ చేతి నరం

నాది ఎడమచేతి వాటం. అందుకే కిడ్నీలు చెడిపోయినప్పుడు డయాలసిస్ సూదుల కోసం డాక్టర్లు ముందు కుడి చేతినే ఎంచుకున్నారు. మణికట్టు దగ్గర రక్తనాళాలు కలిపి కుట్టారు, మూసుకుపోయింది. మోచేతి దగ్గర కుట్టారు, అదీ అంతే. తర్వాత మెడలో గొట్టం పెట్టారు. దానికి చీము పట్టడం, తీయడం, మళ్లీ పెట్టడం. "మెడ ఇక ఎక్కువ కాలం పనికిరాదు. ఎడమ చేతిలో ఒక్క నరం బాగుంది, దానికి సూది తగిలితే పాడవుతుంది, కాపాడుకో" అన్నాడు మస్కట్‌లో నన్ను చూసే సర్జన్. ఆ నరానికి వచ్చే వారమే ఆపరేషన్ అన్నాడు.

ఆ చేతికి బీపీ పట్టీ కూడా కట్టనిచ్చేవాణ్ని కాదు. అక్కడే హమ్రియా పేటలో నాతో ఒకే రూమ్‌లో ఉండే మా అన్న ఎగతాళి చేసేవాడు: "ఏందిరా, కొత్త పెండ్లికొడుకు లెక్క గా చేతిని దాస్కుంటున్నవ్?" నవ్వినా, అతనికి అన్నీ తెలుసు. నేను స్పృహలో లేకపోతే ఆ చేతి జోలికి ఎవర్నీ రానివ్వనని నా మీద ఒట్టేసి చెప్పాడు. తోడబుట్టినవాడు కదా, నమ్మాను.

ఓ మధ్యాహ్నం వాంతులు, విరేచనాలు పట్టుకుని రూమ్‌లోనే పడిపోయాను. కళ్లు తెరిచేసరికి వీధి చివరి క్లినిక్‌లో ఉన్నాను. గ్లూకోజ్ ఎక్కుతోంది, ఎడమ మోచేతి మడతలోంచి.

"అన్నా, తియ్యమను దాన్ని!" అని అరిచాను.

"ఊకోరా. కుడి చెయ్యి కాకరకాయ లెక్క గడ్డలు గడ్డలైంది. వాళ్లు దాంట్ల నరం దేవులాడుతుంటే చూడబుద్ధి కాలే. పాపమనిపించి ఈ చెయ్యి చూపిచ్చిన. ఒక్క సూదికేమైతది?"

పాపమట! జాలిపడి మరీ నా గొంతు కోశాడు.

చెయ్యి వాచింది. నరం తాడులా గట్టిపడింది. స్కాన్ చేసిన సర్జన్ నన్ను తిట్టలేదు, తిట్టినా బాగుండేది. "ఇక తొడలో ప్రయత్నిద్దాం. అదీ పోతే ఏం చేయాలో నాకూ తెలియదు" అన్నాడు.

అన్న ఏడ్చాడు. తల నీలాలిస్తానని కొండకు మొక్కుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పరాయివాడు చేసి ఉంటే పోట్లాడి మర్చిపోయేవాణ్నేమో. ఇతనితో పోట్లాడబుద్ధి కూడా కాలేదు.

తొడ ఆపరేషన్ రోజు డ్యూటీ మానుకుని ఆస్పత్రికి వచ్చాడు. నన్ను లోపలికి తీసుకెళ్లే ముందు మలయాళీ నర్సు హిందీలో అడిగింది: "మీకు మత్తిచ్చాక ఏదైనా అడగాల్సి వస్తే ఎవరిని అడగాలి? తలుపు దగ్గరున్నాయన మీవాళ్లేనా?"

అన్న ఆశగా నా వైపే చూస్తున్నాడు.

"మా అన్నే సిస్టర్. ఆయన్ని మాత్రం ఏమీ అడక్కండి" అన్నాను.