డిక్కీలో ఒకరు, బండి కింద ఒకరు

అమ్మ మా ఇంట్లో నీళ్ళగదిలో జారిపడిన మర్నాడు, ఆస్పత్రి వరండాలో మా అన్నయ్యా మా ఆయనా మాటా మాటా అనుకున్నారు.

"చూసుకోలేకపోతే నాకు చెప్పాల్సింది," అన్నాడు అన్నయ్య.

"చెప్తే ఎక్కడ పెడతావు? నీ ఒంటిగది కోటర్‌లోనా?" అన్నారు ఈయన.

అన్నయ్య టాటానగర్‌లో రైల్వే ఫిట్టరు. పిల్లలతో నిజంగానే ఒంటిగది క్వార్టరు. అమ్మని తన దగ్గర ఉంచుకోలేకపోతున్నానని లోపల్లోపల కుమిలేవాడు. ఈయన అది తెలిసి అనలేదు, కోపంలో నోటికొచ్చింది అనేశారు. ఆ రోజునుంచి అన్నయ్య ఆస్పత్రికి పొద్దున్నపూట వచ్చేవాడు, ఈయన ఉక్కు ప్లాంటులో డ్యూటీ దిగి సాయంత్రం వెళ్ళేవారు. మధ్యలో నేను.

అమ్మని ఇంటికి తీసుకెళ్ళొచ్చని చెప్పినప్పుడు డాక్టరు ఒక్కటే మాట అన్నాడు: నడుం ఎముక ఇంకా పూర్తిగా అతకలేదు, కుదుపు తగలకూడదు. ఆస్పత్రి బండిలో తెద్దామంటే అమ్మ ససేమిరా అంది. "పీనుగుని తెచ్చినట్టు తెత్తారు. నానెక్కను."

మాకో పాత అంబాసిడర్ ఉండేది. ఎన్ని చేతులు మారి మా దగ్గరికి వచ్చిందో తెలియదు. వెనక షాకర్లు పూర్తిగా పోయాయి. షాకరంటే లోపల నూనె ఉండే గొట్టం. గతుకులో బండి ఎగిరితే ఆ ఎగరడాన్ని అణచిపెట్టేది అదే. మావాటిలో నూనె ఎప్పుడో కారిపోయింది. మేముండే కద్మా నుంచి సాక్చి బజారుకి వెళ్ళొచ్చేసరికి నాకే నడుం పట్టేసేది, ఇంక అమ్మ సంగతి చెప్పాలా.

ఈయన సాక్చిలో కొత్త జత కొనుక్కొచ్చారు. ఎప్పుడూ బండి చూసే మేస్త్రి ఊరెళ్ళాడు. "ఏటుంది అందులో, నేనే మార్చేత్తాను," అని ఆదివారం పొద్దున్నే వంటింటి కిటికీ పక్కన బండిని జాకీ మీద ఎత్తి, కింద చెక్కదిమ్మలు పెట్టారు.

ఎడమవైపుది కాస్త ఏడిపించి వచ్చింది. కుడివైపుది కదల్లేదు. షాకరు పై కొస డిక్కీ నేలలోంచి పైకి వస్తుంది, దాని మీద నట్టు. ఎన్నో వానాకాలాల తుప్పుతో నట్టూ కడ్డీ ఒకటైపోయాయి. పైనుంచి పానా వేసి తిప్పుతుంటే కింద కడ్డీ కూడా దాంతోపాటే తిరుగుతోంది. కింద ఎవరో ఒకరు కడ్డీని బిగబట్టి ఉంచాలి.

చీర కుచ్చెళ్ళు దోపుకుని నేనే దూరాను. వెల్లకిలా పడుకుని పైపు రెంచితో కడ్డీని పట్టుకున్నాను. తుప్పు పొడి కళ్ళలో రాలుతోంది.

"గట్టిగా పట్టవే," అన్నారు డిక్కీలోంచి.

"పట్టుకునే ఉన్నానండీ. అదే నన్ను తిప్పేస్తోంది."

అంతలో గేటు చప్పుడయింది. అన్నయ్య. సైకిలు వెనక పెద్ద చెక్కపలక కట్టుకుని వచ్చాడు. అమ్మ మంచం మీద పరుపు కింద వేయడానికట. ఆదివారం ఈయన ఇంట్లో ఉంటారని తెలిసీ వచ్చాడు. పలక గోడకి ఆనించి, నా కాళ్ళు చూసి, వంగి అడిగాడు.

"ఏటి సేత్తన్నావక్కడ?"

చెప్పాను. అన్నయ్య చొక్కా విప్పి సైకిలు మీద వేసి, నన్ను బయటికి లాగి, తను దూరాడు.

"తిప్పమను," అన్నాడు నాతో.

"పట్టుకున్నాడేమో అడుగు," అన్నారు ఈయన నాతోనే.

ఇద్దరి మధ్యా జానెడు దూరం లేదు, నడుమ డిక్కీ రేకొక్కటే. ఆపమను, కిరసనాయిలు పొయ్యమను, ఇటు కాదు అటు తిప్పమను. కాసేపు ఆ మాటలన్నీ మోశాను. చివరికి విసుగేసి, "నాకు పొయ్యి మీద పప్పుంది. మీ మాటలు మీరే చెప్పుకోండి," అని లోపలికొచ్చేశాను.

కొంతసేపు ఇనుము చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఉన్నట్టుండి ఠంగుమని రెంచి జారింది, అన్నయ్య అబ్బా అన్నాడు.

"బావా, తగిలిందా?" ఈయన డిక్కీలోంచి దిగి బండి కిందికి వంగారు.

"సెయ్యి గీసుకుంది. ఏటీ కాదు."

"ఏదీ, చూడనీ."

నేను పసుపూ గుడ్డా పట్టుకెళ్ళేసరికి ఈయన తన జేబురుమాలు కట్టేశారు. ఆ నట్టు ఇంక రాదని, కొయ్యడమే మార్గమని అన్నయ్య తేల్చాడు. డిక్కీలో ఇద్దరూ పక్కపక్కన ఇరుక్కుని వంతులవారీగా ఇనుము కోసే ఆక్సా బ్లేడుతో కోశారు. బ్లేడు విరిగింది, ఇంకోటి వేశారు. పప్పు చల్లారిపోయింది.

టీ తీసుకెళ్తుంటే ఈయన గొంతు వినబడి గుమ్మంలోనే ఆగాను.

"ఆ రోజు కోటర్ మాట నేననకుండా ఉండాల్సింది బావా."

అన్నయ్య కోత ఆపలేదు. "నేను మాత్రం తక్కువన్నానా? అమ్మని ఇన్నాళ్ళూ సూసింది మీరే," అన్నాడు. తర్వాత, "పైది తెగింది. కింద రబ్బరు ఇనప పిన్నుకి అతుక్కుపోయుంటాది, ఛేనీ తే," అన్నాడు.

ఆ ఇనప ఉలితో రబ్బరు ముక్కలు ముక్కలుగా చెక్కితేగానీ పాత గొట్టం ఊడిరాలేదు. కొత్తది బిగించి, భోజనాలయ్యేసరికి సాయంత్రమైంది. తర్వాత ఇద్దరూ బండేసుకుని, ఎక్కడ గతుకులున్నాయో వెతుక్కుంటూ కద్మా అంతా తిరిగొచ్చారు.

మర్నాడు అమ్మని ఇంటికి తేవడానికి అన్నయ్య సెలవు పెట్టాడు. ఈయన నడిపారు. వెనక సీట్లో అమ్మ తల అన్నయ్య ఒళ్ళో. ముందు సీట్లోంచి నేను వెనక్కి తిరిగి అమ్మ మొహమే చూస్తున్నాను. రైలు గేటు దగ్గర పట్టాలు దాటేటప్పుడు ఈయన బండిని దాదాపు ఆపేశారు.

"ఏటయ్యా, ఇంత మెల్లగానా? నడిసెల్లినా ఈపాటికి ఇంటికెల్లిపోదును," అంది అమ్మ.

అన్నయ్య నవ్వాడు. అద్దంలో అది చూసి ఈయనా నవ్వారు.

ఆ చలికాలానికి అమ్మ గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. వాళ్ళిద్దరూ మారిపోయారని చెప్పను. ఈయన నోటి దురుసు పోలేదు, అన్నయ్యకి అలకా పోలేదు. కానీ అన్నయ్య ఆదివారాలు వచ్చేవాడు. అమ్మని ఎండలో కూచోబెట్టి, ఈయనా తనూ చెరోపక్కా కుర్చీలేసుకుని, రైల్వే గొప్పదా ప్లాంటు గొప్పదా అని మధ్యాహ్నం దాకా వాదించుకునేవారు.