పదిన్నర వోల్టుల దగ్గర

జీవమణి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివింది. బోరబండ నుంచి రోజూ బస్సెక్కి వచ్చి, పంజాగుట్టలో రామకృష్ణ గారి రిపేరు షాపులో పదిహేడేళ్లు పనిచేసింది. చుట్టుపక్కల నర్సింగ్‌హోముల్లో పాడైన బీపీ మిషన్లు, సక్షన్ పంపులు, పసిపిల్లలకు కామెర్లు వస్తే పెట్టే నీలం దీపాలు అన్నీ ఆమె బల్ల మీదికే చేరేవి. "మిషన్ని మోసుకురావడం వరకే నా పని. దాని జబ్బేంటో ఆవిడకే తెలియాలి" అనేవాడు రామకృష్ణ.

మూడేళ్ల కిందట ఒక ఎండాకాలం, అమీర్‌పేటలోని చిన్న పిల్లల నర్సింగ్‌హోమ్ నుంచి ఫోను వచ్చింది. దీపం వెలుగుతూనే ఉందట, దాని కింద రెండు రోజులు పడుకోబెట్టినా ఒక పాపకు కామెర్లు తగ్గలేదట. జీవమణి వెళ్లేసరికి పాపను పెద్దాసుపత్రికి పంపేశారు. పాపను పడుకోబెట్టిన తొట్టి ఖాళీగా ఉంది. అక్కడి డాక్టర్ మంజూష కాంతి కొలిచే మీటరు తెప్పించి దీపం కింద పెట్టింది. ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు.

"చూడ్డానికి బాగానే ఉంది కదా జీవమణి గారూ?"

"కంటికి తెల్వది మేడమ్. సగమైనా గట్లనే కనబడ్తది."

ఆ వీధిలో ఏసీలన్నీ నడిచే మధ్యాహ్నం వేళ వోల్టేజీ పడిపోతోంది. ట్రాన్స్‌ఫార్మర్ గుండా పన్నెండు వోల్టులు అందాల్సిన దీపానికి పదిన్నరే అందుతోంది. తగ్గింది ఒకటిన్నర వోల్టే. కానీ అందులోని నీలం ఎల్‌ఈడీలు మూడేసి ఒక వరసలో ఉన్నాయి, వాటికే తొమ్మిది పైచిలుకు వోల్టులు పోతాయి. కరెంటును నెట్టేది ఆ మిగిలిన కాస్తే. ఆ కాస్తలోంచి ఒకటిన్నర పోతే కరెంటు సగానికి పైగా పడిపోతుంది. దాన్ని పట్టి నిలబెట్టడానికి దీపంలో ఒట్టి రెసిస్టర్లు తప్ప ఇంకేమీ లేవు.

మంజూష వెంటనే స్టెబిలైజర్ పెట్టించింది. అక్కడితో అయిపోవాల్సిన మాటే. కానీ అదే రకం దీపాలున్న నర్సింగ్‌హోములు జీవమణికి ఇంకో పదకొండు తెలుసు. ఒక్కదాంట్లోనూ మీటరు లేదు. ఆదివారం చర్చి అయ్యాక ఒక్కొక్కచోటికీ వెళ్లి చెప్పింది. లైటు వెలుగుతోంది కదమ్మా అన్నారు.

మరో ఏడెనిమిది నెలలకు మంజూషే చెప్పింది, ఆ పాప చప్పుడుకు తల తిప్పడం లేదని. కామెర్లు ముదిరితే వినికిడి పోవచ్చట. దీపం వల్లేనని ఎవరూ అనలేరు. కాదనీ అనలేరు.

అప్పటికే జీవమణి అన్నం తినే గంటలో తన సర్క్యూటు మొదలుపెట్టి ఉంది. ఒక్కో వరసకు రెండేసి ట్రాన్సిస్టర్లు. ఒకటి కరెంటును మోస్తుంది. రెండోది ఆ కరెంటును కనిపెట్టుకుని ఉండి, హద్దు దాటితే మొదటిదాన్ని అదుపు చేస్తుంది. కొత్తదేం కాదు, ఆమె చదువుకున్న పాఠమే. పదిన్నర వోల్టుల దగ్గర వరసకు కావాల్సిన మూడువందల యాభై మిల్లీ ఆంపియర్లూ వచ్చాయి. పన్నెండు దగ్గరా అంతే. పదిహేను దగ్గర కూడా మొదట అంతే ఉండి, పావుగంటకు మూడువందల పదికి జారిపోయింది. విడిభాగాలు మార్చి చూసింది, టంకాలు మళ్లీ వేసి చూసింది. నెలల తరబడి అదే జారుడు.

ఒకరోజు వేలు కాలింది. మోసే ట్రాన్సిస్టరు ముట్టుకోలేనంత వేడిగా ఉంది. దాన్ని ఆనుకునే కాపలా కాసే రెండోది ఉంది. వేడెక్కిన కాపలాది మామూలు కరెంటునే ఎక్కువనుకుని ముందే అడ్డుపడుతోంది. ఆమె దాన్ని తీసి బోర్డుకు అవతలి కొసన పెట్టింది. మోసేదానికి ఓ అల్యూమినియం ముక్క బిగించింది. గంట గడిచినా అంకె మూడువందల నలభై తొమ్మిది దాటి కిందికి రాలేదు.

"నిలబడ్డది సార్" అంది.

రామకృష్ణ టీ గ్లాసు పక్కన పెట్టి వచ్చి కూర్చున్నాడు. వోల్టేజీ నాబ్‌ను తనే పైకీ కిందికీ తిప్పాడు. "ఏంటండీ ఇది, అసలు కదలట్లేదే" అన్నాడు. మళ్లీ ఓసారి చివరిదాకా తిప్పి చూశాడు.

నర్సింగ్‌హోములో స్టెబిలైజర్ తీసేసి, ఖాళీ తొట్టి మీద ఒక మధ్యాహ్నమంతా వెలిగించి చూశారు. మీటరులో అంకె తగ్గలేదు. మంజూష సంతోషించింది, కానీ సర్టిఫికెట్ లేనిదే పిల్లల మీద పెట్టనంది. అది న్యాయమేనని జీవమణికీ అనిపించింది. రామకృష్ణతో కలిసి పరీక్షలు చేసే ల్యాబుకు వెళ్లింది. అక్కడి అధికారి మర్యాదగానే చెప్పాడు: తయారీదారు లైసెన్సు ఉండాలి, రిపేరు షాపుకు కుదరదు. ఇంకొకరి దీపంలో మార్పు చేయాలంటే ఆ కంపెనీ అనుమతి ఉత్తరం కావాలి. రాస్తే కంపెనీ ఆరు నెలలకు జవాబిచ్చింది. ఆ మోడల్ తయారీ ఆపేశారట, సీలు విప్పిన దీపానికి తమ బాధ్యత లేదట.

"సగం ఎలిగేదానికి కాయిదం ఉన్నది. మంచిగ ఎలిగేదానికి లేదు" అంది జీవమణి ఆ జవాబు చదివి. రామకృష్ణ దాన్ని ఫైల్లో పెట్టాడు. ఆయనకు అప్పటికే మోకాళ్లు పట్టేసి మెట్లు ఎక్కడం కష్టమవుతోంది.

మరుసటి ఏడు మంజూష నర్సింగ్‌హోమును ఒక పెద్ద ఆసుపత్రుల సంస్థ తీసుకుంది. వాళ్ల మిషన్లను వాళ్ల మనుషులే బాగుచేస్తారు, బయటివాళ్లు ముట్టుకోకూడదు. మంజూష వేరే ఊరికి మారింది. జూన్‌లో రామకృష్ణ షాపు మూసేశాడు. చివరిరోజు బల్ల సర్దుతూ, "మీ బోర్డు పట్టుకెళ్తారా?" అని అడిగాడు.

"ఏం జేస్త సార్ దాంతోని" అంది. అయినా సంచిలో వేసుకుంది.

ఇప్పుడు మైత్రీవనం దగ్గర రవికాంత్ అనే అతని వర్క్‌షాపులో కోచింగ్ సెంటర్లకు లైటు బోర్డులు చేస్తోంది. చేరిన వారంలో, వోల్టేజీ తగ్గినా మసకబారకుండా రెండు ట్రాన్సిస్టర్లతో చేద్దామని అడిగింది.

"గివన్నీ ఎందుకక్కా, రెసిస్టర్ పెట్టు చాలు. ఆర్నెల్లకు కోర్సు పేరు మారుతది, బోర్డే పీకేస్తరు."

అతను చెప్పింది నిజమే. ఆమె రెసిస్టర్లే పెడుతోంది. ఆ పదకొండు నర్సింగ్‌హోముల్లో రెండు మూతబడ్డాయని విన్నది. మిగతావాటి సంగతి ఆమెకు తెలియదు, చెప్పేవాళ్లూ లేరు. చర్చిలో ఎవరైనా ఏం పనిచేస్తున్నావంటే "బోర్డుల పని" అంటుంది. అంతకుమించి వాళ్లూ అడగరు.