ఫౌల్ అన్న మేడమ్

జూనియర్ బిలియర్డ్స్ పోటీలకు ఆవిడ రెఫరీ. ఏ నిర్ణయం చెప్పినా చివర మెల్లగా "నేను చూసిన" అనేవారు. అంతకు మించి వాదించేవారు కాదు.

తెలంగాణ ఉద్యమం రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఫైనల్ నాకూ ఒక నల్గొండ కుర్రాడికీ. స్కోర్లు దగ్గరదగ్గరగా ఉండగా బంద్ అని దించి ఉంచిన హాలు షట్టర్ ఎత్తి ఒక గుంపు లోపలికొచ్చింది.

"బంద్ అని తెల్వదా మేడమ్?"

"తెలుసు బిడ్డా. నేను గూడ మీ దిక్కే. జర ఆట అయిపోనియ్యుండ్రి."

వాళ్లు బల్ల చుట్టూ నిలబడ్డారు. నా గుంటూరు యాస బయటపడుతుందని నేను నోరు విప్పలేదు.

నల్గొండ కుర్రాడు ఒంగి కొడుతుంటే అతని చొక్కా చెయ్యి పక్క బంతికి తగిలింది.

"ఫౌల్," అన్నారు మేడమ్.

"ఆంధ్రోళ్లను గెలిపిస్తున్నవా?" అంటూ, నోరు విప్పని నన్ను అనుమానంగా చూపించి ఒకడు ఆవిడ మీదికొచ్చాడు.

"తాకింది. నేను చూసిన."

నల్గొండ కుర్రాడే క్యూ కర్ర కిందికి దించి, "అవునన్నా, తాకింది," అన్నాడు.

నేను గెలిచాను. బస్సుల్లేవని మేడమే స్కూటర్ మీద మన్సూరాబాద్‌లో మా ఇంటి దాకా తీసుకొచ్చారు. గుమ్మంలో మంచినీళ్లు అడిగారు. రెండు చేతులతో పట్టుకున్నా గ్లాసు నిలవక, సగం నీళ్లు ఆవిడ చీర మీదే ఒలికిపోయాయి.